ముక్కు లేచిన ట్రెయిలర్

పెళ్ళయి గంట కూడా కాలేదు. పెళ్ళికూతురు చర్చి వెనక గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ట్రెయిలర్‌ను తిడుతోంది.

పెళ్ళికూతురి పేరు సిల్వీ. అరవై ఆరేళ్ళు. సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో సగం మందిని చిన్నప్పుడు బడికి చేర్చిన పసుపు బస్సు ఆమెదే. పెళ్ళికొడుకు ఆర్విడ్ ఊరి బేకరీ ఆయన. ఏళ్ళ తరబడి పొద్దున్నే బస్సు కిటికీలోంచి ఆమెకు వేడి వేడి యాలకుల రొట్టె అందించేవాడు. ఇద్దరూ పనులు మానుకున్నాక ఒకనాడు రొట్టెతోపాటు పెళ్ళి మాట కూడా అందించాడు. సిల్వీ ముందు రొట్టె తిని, తర్వాత సరేనంది.

ఇద్దరు పడుకోగలిగిన పాత ట్రెయిలర్ ఒకటి కొనుక్కున్నారు. విందు కాగానే దాన్ని ఆర్విడ్ పికప్‌కు తగిలించి, సరస్సు చుట్టూ తిరిగి రావాలని వాళ్ళ సరదా. తగిలించాలంటే ట్రెయిలర్ ముక్కును, అంటే ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప కొసను, దాని కింది జాకీతో పైకి లేపాలి. సిల్వీ జాకీ పిడి పట్టుకుని తిప్పింది. లోపల ఏదో పటపటమంది. ముక్కు లేవకపోగా మెల్లగా దిగి, వచ్చినవాళ్ళందరి కళ్ళముందూ గడ్డిలో కూరుకుపోయింది.

"మన కాళ్ళకి మొక్కుతోంది సిల్వీ! దీవించు," అన్నాడు ఆర్విడ్.

"దీవెనలు తర్వాత. దీని మర అరిగి చచ్చింది. ఇంక తిరగదు."

ఏడవాలో నవ్వాలో సిల్వీకి తెలియలేదు. నవ్వే ముందొచ్చింది. పొద్దుటి నుంచీ ఆమె పరిస్థితి అలాగే ఉంది. పాస్టరు ప్రమాణం చదివిస్తున్నప్పుడు కూడా నవ్వు బిగబట్టుకుని నిలబడింది.

"రేపు వెళ్దురుగాని లేవే," అంది ఆమె అక్క హెల్మీ, చేతిలో కేకు పళ్ళెంతో. "ఒక్కరోజుకి కొంపేం మునిగిపోదు."

"ఇన్నేళ్ళు ఆగాం అక్కా. ఇంక ఆగలేం."

ఆ మాట బయటికొచ్చాక గానీ దానికి ఇంకో అర్థం ఉందని సిల్వీకి తట్టలేదు. జనం ఈలలు వేశారు. ఆర్విడ్ చెవులు ఎర్రగా కందిపోయాయి.

కొత్త జాకీ కొనాలంటే పాతదాని గొట్టం ఎంత లావో తెలియాలి. ట్రెయిలర్ ముక్కులో ఉన్న కన్నంలో అది పట్టాలి కదా. టేపు కనబడలేదు. సిల్వీ పూలగుత్తి రిబ్బను ఊడదీసి గొట్టం చుట్టూ తిప్పి, కొసలు కలిసినచోట లిప్‌స్టిక్‌తో గీత పెట్టింది. కన్నం చుట్టూ ఉన్న మూడు బోల్టుల ఎడం కూడా ఆ రిబ్బను మీదే గీసుకుంది. ఇద్దరూ పెళ్ళిబట్టల్లోనే పికప్ ఎక్కి సామాన్ల కొట్టుకు పోయారు.

కొట్టు నడిపేది సిల్వీ చిన్ననాటి స్నేహితురాలు వెల్డా. కాలు బెణికి పెళ్ళికి రాలేకపోయింది.

"ఏమే, అప్పుడే పారిపోయొచ్చేశావా?" అంది.

"మొగుణ్ణి వెంటేసుకుని ఎవరైనా పారిపోతారటే? జాకీలెక్కడున్నాయో చెప్పు."

ఆర్విడ్ అప్పటికే కరెంటు జాకీ ముందు నిలబడి దాని మీట నొక్కుతున్నాడు. చిన్న దీపం కూడా వెలిగింది. ఆయన ముఖం కూడా.

"ఇదే సిల్వీ! నొక్కితే చాలు. నొప్పెట్టే నా భుజానికి హాయి."

"బ్యాటరీ అయిపోయిన రోజున ఏం చేస్తావయ్యా? మీటని బతిమాలుకుంటావా? నీ భుజానికి నేను లేనూ?"

"మళ్ళీ అను."

"ఏది?"

"నేను లేనూ అన్నావే, అది."

వెల్డా దగ్గి, పక్క అరలో చేత్తో తిప్పే రకాలున్నాయని చూపించింది. సిల్వీ ఒకదానికి రిబ్బను చుట్టింది. గీత అందలేదు, గొట్టం లావు. రెండోదానికి సరిగ్గా కలిసింది. ట్రెయిలర్ బరువుకు రెట్టింపు మోస్తుందని దాని మీద రాసి ఉంది. పిడి నెత్తి మీద ఉంది. అదే పట్టుకుని డబ్బిచ్చే బల్ల దగ్గరికి నడిచింది.

"ఆగాగు," అన్నాడు ఆర్విడ్. "నా బండి వెనక తలుపు కిందికి తెరుచుకుంటుంది కదా. ఈ పిడికి కొట్టుకోదూ?"

"కొట్టుకోదు."

"కొట్టుకుంటుంది."

"చూద్దాం. నువ్వు బండివి, నేను ట్రెయిలర్‌ని."

సిల్వీ జాకీని పొట్టకు ఆనించుకుని నిలబడింది. ఆర్విడ్ వెనక్కి వెనక్కి నడుస్తూ, బండి వెనక్కొచ్చే చప్పుడు నోటితో చేస్తూ ఆమె ముందు ఆగాడు. రెండు చేతులూ వెనక్కి చాపి తలుపులా దించాడు. చెయ్యి నేరుగా పిడికి తగిలింది.

"అబ్బా! చూశావా?"

"సరే, నువ్వే గెలిచావు. పెళ్ళిరోజని వదిలేస్తున్నా."

అదే గొట్టం, అదే బరువు, పిడి మాత్రం పక్కకి ఉండే రకం వెల్డా లోపల్నుంచి తెచ్చింది. కొత్త బోల్టులు కూడా తీసుకున్నారు. నవ్వీ నవ్వీ వెల్డాకి చిల్లర ఇవ్వడం కూడా చేతకాలేదు.

తిరిగొచ్చేసరికి జనం ఇంకా అక్కడే ఉన్నారు. సిల్వీ ట్రెయిలర్ చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టింది. పాత జాకీని ఊడదీయాలంటే గడ్డిలో ఉన్న ముక్కు పైకి రావాలి. ఎవరు లేపాలన్న దాని మీద మగవాళ్ళు వాదన మొదలుపెట్టారు. ఒకడికి నడుము నొప్పి, ఒకడికి కొత్త సూటు. వాళ్ళు తేల్చేలోగా బోల్టులు విప్పే పానాలు తెస్తానని ఆర్విడ్ ట్రెయిలర్ ఎక్కాడు. వెనక మంచం నిండా హెల్మీ అప్పటికే పెళ్ళి కానుకలు పేర్చి ఉంచింది. ఆర్విడ్ అంతా ఇంతా మనిషి కాదు. ఆయన మంచం దగ్గరికి చేరగానే ట్రెయిలర్ తోక దిగింది, ముక్కు గడ్డిలోంచి గుర్రంలా పైకి లేచింది.

"సిల్వీ! నేను పడిపోతున్నా!"

"కదలకు! అక్కడే ఉండు! బంగారుకొండవి!"

ముక్కు అటూ ఇటూ ఊగుతోంది. ఆయనొక్కడి బరువు చాలదు. సిల్వీ చుట్టూ చూసి, బస్సు నడిపిన రోజుల గొంతు తీసింది.

"ఎక్కండి! తోసుకోకుండా! వెనక మంచం మీదికి! ఒరేయ్ రైమో, నువ్వు కూడా!"

రైమో అంటే ఇందాక పెళ్ళి చేయించిన పాస్టరు. జనం ఒక్క క్షణం నోళ్ళు తెరిచారు. ఆయన మాత్రం ఆమె బస్సులో బడికెళ్ళిన రోజుల్లోలాగే గబగబా ఎక్కి ఆర్విడ్ పక్కన కూర్చున్నాడు. వెనకే కేకు పళ్ళెంతో హెల్మీ ఎక్కింది. ట్రెయిలర్ తోక నేలకు ఆని కుదురుకుంది.

ముక్కు ఒకవేళ దిగినా చెయ్యి నలగకుండా సిల్వీ కింద దుంగలు పేర్పించింది. విందు బల్ల మీది గుడ్డ తెచ్చి గడ్డిలో పరుచుకుని దాని మీద వెల్లకిలా పడుకుంది. పాత జాకీ పాదం ఊడదీసి, తుప్పు పట్టిన బోల్టులు విప్పింది. లేచి దాన్ని పైకి లాగి అవతలికి విసిరేసింది. కొత్తది పైనుంచి దించితే జారుకుంటూ కన్నంలోకి దిగింది. లిప్‌స్టిక్ గీత అబద్ధం చెప్పలేదు. పిడి తిప్పబోతే మాత్రం ట్రెయిలర్ ముక్కు మీద బిగించి ఉన్న వంట గ్యాస్ బండకు తగిలింది.

"ఇంకెంతసేపే? నాకు అర్జెంటుగా ఉంది!" అని లోపల్నుంచి హెల్మీ అరిచింది.

"ఒకరు ఎక్కాకే ఇంకొకరు దిగాలి! అది రూలు!"

హెల్మీ బదులు చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ ఎక్కింది. లోపల కూర్చున్నవాళ్ళు పాట అందుకున్నారు. తాళానికి ట్రెయిలర్ ఊగింది.

"ఊగారంటే దింపేస్తా!" అని సిల్వీ కింద నుంచి గద్దించింది. జాకీని మూడో వంతు తిప్పి, తర్వాతి బోల్టు కన్నాలకు కలిపింది. ఇప్పుడు పిడి దేనికీ తగలకుండా గుండ్రంగా తిరిగింది. బోల్టులు మూడూ బిగించి, పాదం తొడిగి, నేలను తాకేదాకా తిప్పింది. దుంగలు తీయించింది.

"ఒక్కొక్కరే దిగండి. మెల్లగా."

దిగారు. కొత్త జాకీ బరువంతా తన మీదికి తీసుకుని, కిక్కురుమనకుండా నిలబడింది. సిల్వీ తిప్పితే లేచింది. ఇంకోవైపు తిప్పితే దిగింది. ఆర్విడ్ కూడా మంచి చేత్తో తిప్పి చూశాడు.

"నొక్కే మీట లేకపోయినా బాగానే ఉంది," అని ఒప్పుకున్నాడు. గ్రీజు అంటిన ఆమె ముక్కు మీద అందరి ముందూ ముద్దు పెట్టాడు.

బరువంతా వెనక ఉంటే దారిలో ట్రెయిలర్ తోక ఆడిస్తుంది కాబట్టి, కానుకల్ని ముందుకు సర్దమని సిల్వీ కేకేసింది. ఆర్విడ్ పికప్‌ను వెనక్కి తెచ్చాడు. సిల్వీ పిడి తిప్పితే ముక్కు పికప్ వెనకున్న ఇనుప బంతి మీదికి దిగి టక్కుమని కూర్చుంది. గొలుసులు తగిలించి, జాకీని పూర్తిగా పైకెత్తి, తనే డ్రైవరు సీట్లో కూర్చుంది.

బండి మెల్లగా కదిలింది. జనం వెనక పరుగెడుతూ చేతులు ఊపారు, అరిచారు. ఎంత ప్రేమో అనుకుని సిల్వీ కిటికీలోంచి చెయ్యి ఊపింది. చర్చి ఆవరణ చివర మలుపు తిరుగుతూ అద్దంలోకి చూస్తే, ట్రెయిలర్ చిన్న కిటికీలో హెల్మీ ముఖం కనబడింది. కానుకలు సర్దడానికి ఎక్కి దిగలేదు. మూతి నిండా కేకు క్రీము.

సిల్వీ బ్రేకు వేసి పరుగెత్తుకెళ్ళి తలుపు తీసింది.

"అక్కా! దెబ్బేం తగల్లేదు కదా?"

"ఆపావెందుకే?" అంది హెల్మీ. "ఇప్పుడే మజా వస్తుంటే!"

సిల్వీ గడప మీద చతికిలబడి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. ఎంత నవ్విందంటే, ఇద్దర్నీ దింపడానికి ఆర్విడ్ రావలసి వచ్చింది. వచ్చి ఆయన కూడా అక్కడే కూలబడ్డాడు.