కిరీటికి నేర్పిన జవాబు

సివిల్స్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకు జవాబులు నేర్పడం నా ఉద్యోగం. రెండుసార్లు ఆ గదిదాకా వెళ్లి, రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చినదాన్ని. అయినా ఢిల్లీలో నా దగ్గరికి పిల్లలు వస్తూనే ఉంటారు. ఓడినవాళ్లకే ఇక్కడ గిరాకీ మరి!

మా తమ్ముడు కిరీటి కూడా కలెక్టరవుదామనే జగిత్యాల నుంచి వచ్చాడు. మూడోసారి పరీక్షకు చదువుతుండగా జబ్బు పడ్డాడు. తను రాయబోయే జవాబుల్ని ఫ్యానులోంచి ఎవరో ముందే చదివి బయటపెడుతున్నారనీ, వాళ్ల గొంతులు తనకు వినబడుతున్నాయనీ అనేవాడు. స్కిజోఫ్రెనియా అంది డాక్టరమ్మ. అప్పటినుంచి కటవారియా సరాయ్‌లోని మా ఒంటిగదిలో పూటకో మాత్ర వాడి నాలుక మీద పెట్టి, మింగాడో లేదో నోరు తెరిపించి చూడటం నా పనైంది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి అలా చేస్తుంటే నామీద నాకే రోత పుట్టేది.

"తనకు జబ్బుందని తనే తెలుసుకోవాలి. అప్పుడే మాత్రలు అతని చేతికివ్వండి," అంది డాక్టరమ్మ.

ఏడాది తిరిగేసరికి వాడి బుర్ర పదునెక్కింది. ఏడంకెలు చెబితే వెనకనుంచి అప్పజెప్పాడు. రీజనింగ్ పేపరు నాకంటే ముందే ముగించాడు. నేను పొంగిపోయాను. డాక్టరమ్మ మాత్రం, "లెక్క చేసే తెలివి పెరిగితే తనను తాను చూసుకునే తెలివీ పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. తొందరపడకండి," అంది. నాకు తొందరే. విసుగొచ్చేసింది, అంతే. ఒక్క రోజయినా వాడి నోట్లోకి చూడకుండా బతకాలనిపించింది.

అందుకని నాకు చేతనైన పనే చేశాను. ఆదివారం వాణ్ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను.

"నీకు ఇనబడే గొంతులు నిజమేనా?"

"నిజమేనక్కా."

"ఇంటర్వ్యూ బోర్డు ముంగట గట్లనే చెప్తవా? మనసుల ఏమున్నా సరే, వాళ్లకు ఏం కావాల్నో అది చెప్పాలె."

మూడు వారాలు వాడి జవాబు దిద్దాను. గొంతు తగ్గించమన్నాను. మధ్యలో కాస్త తటపటాయించమని కూడా నేర్పాను. బట్టీ పట్టినట్టు ఉండకూడదుగా!

డాక్టరమ్మ అడిగిన రోజు వాడు ఒక్క క్షణం ఆగి, "అవి నా జబ్బు లక్షణాలు మేడం. మాత్రలు మానితే తిరగబెడుతుంది," అన్నాడు. ఆమె నమ్మింది. అంతకంటే ఘోరం, అది నేను నేర్పిన జవాబేనని తెలిసీ నేను నమ్మాను. ఆ సాయంత్రమే మాత్రల డబ్బా వాడి చేతికిచ్చేశాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం క్లాసు రద్దయి త్వరగా ఇంటికొచ్చాను. వాడు కిటికీ సందుల్లో కాగితం ఉండలు కుక్కుతున్నాడు. డబ్బా తీసి చూస్తే, ఒక్క మాత్ర కూడా తగ్గలేదు.

"ఎందుకు మానేసినవ్ రా?" అని అరిచాను.

వాడు కంగారుగా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "మెల్లగక్కా, వాళ్లు ఇంటరు. ఆ దినం డాక్టరు రూములో గూడ ఇన్నరు. అయినా నేను బెదరలే. నువ్వు చెప్పినట్టే జెరసేపు ఆగి, గొంతు తగ్గించి చెప్పిన. పాసైన గదా, ఇంక మాత్రలెందుకు?"

ఇంటర్వ్యూ ముగిశాక నా విద్యార్థులు చూసినట్టే, మెప్పు కోసం నా ముఖంలోకి చూశాడు. వాడి ముందు ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.