ఆరంకెలు

బావ సొరుగును మోకాలితో గుద్ది మూశాడు. లోపల మరదలి కుడిచేతి వేళ్ళున్నాయి.

ఎముక చిట్లిన చప్పుడు ప్రింటింగ్ మెషిన్ మోతలో కలిసిపోయింది. మధ్యాహ్నం మూడున్నర.

"పది నిమిషాలే పనిచేస్తుంది నీ ఫోన్‌కొచ్చిన ఆ నంబరు. నెలనెలా చెప్పేదానివేగా మరదలా, ఇవాళేం మాయరోగం?"

నిజమే, మూడేళ్ళుగా చెప్పింది. పోస్టరుకు ఆరువందల చొప్పున సొంతంగా బొమ్మలు వేసుకునే మనిషి. "అమ్మకం పన్ను తలనొప్పి నాకొదిలెయ్, రిజిస్ట్రేషన్ మాత్రం నీ పేరున ఉండనీ" అన్నాడు అక్క మొగుడు. ఇంటి మనిషే కదా అనుకుంది. నెలకోసారి ఫోన్‌కు ఆరంకెలు వచ్చేవి. కూరగాయలు తరుగుతూనే బావకు చదివేసేది. ఎందుకని ఏనాడూ అడగలేదు.

ఈ ఉదయం పన్ను బాకీ ఉందని బ్యాంకు ఆమె ఖాతా ఆపేసింది. పన్నుల ఆఫీసుకు పరుగెత్తితే, కౌంటర్లో పెద్దావిడ చూపించింది. ఆమె పేరున నూట పన్నెండు బిల్లులు! ఆమె చేసినవి ముప్ఫై. మిగతావన్నీ బావ ఏజెన్సీ పనులు.

"కొన్నవాళ్ళ దగ్గర వసూలు చేసిన పన్ను నీదీ కాదు, మీ బావదీ కాదు తల్లీ, సర్కారుది. కట్టకపోతే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరునుంటే వాళ్ళ పీకే పట్టుకుంటారు. ఆ బిల్లులు నీవి కావని ఇవాళ సాయంత్రం ఐదులోగా ఇక్కడ రాసివ్వు."

అడుగుదామని నేరుగా బావ ప్రెస్సుకొచ్చింది. అదే పొరపాటు. అన్నీ తనవేనని ఆమె ఒప్పుకున్నట్టు కాగితం అప్పటికే కంప్యూటర్లో సిద్ధంగా ఉంది. ఆమె ఫోన్‌కొచ్చిన ఆరంకెలు కొడితే చాలు, ఆమె సంతకం పెట్టినట్టే.

ఫోన్‌ను ఎడమచేత్తో గుండెకు అదుముకుంది.

"చెప్పను బావా."

సొరుగు మళ్ళీ మూసుకుంది. ఈసారి అరిచింది. ఫోన్ జారి, నేల మీద దొర్లి, మెషిన్ దగ్గరున్న అక్క కాళ్ళకు తగిలింది.

అక్క తొమ్మిదేళ్ళుగా జీతం లేకుండా ఆ మెషిన్ నడుపుతోంది. "మా ఆవిడకు అంకెలు తెలీవండీ, మీట నొక్కడం ఒక్కటే వచ్చు" అని బావ వచ్చినవాళ్ళను నవ్విస్తుంటాడు. ఆవిడా నవ్వేది.

అక్క మెషిన్ ఆపింది. ఒక్కసారిగా గది నిశ్శబ్దమైంది. సొరుగు అంచు నుంచి రక్తం చుక్కలుగా పడుతున్న చప్పుడు కూడా వినిపించింది. అక్క వంగి ఫోన్ తీసుకుంది.

"బతికించావ్! చదువు, తొందరగా" అన్నాడు బావ, సొరుగును మోకాలితో అదిమిపెట్టే.

అక్క తెర వంక చూసింది. చెల్లెలి చేతి వంక చూసింది.

"నాకు అంకెలు తెలీవు కదండీ."

ఫోన్‌ను రోలర్ల మధ్య పెట్టి మీట నొక్కింది.

అద్దం పటపటా పగిలింది. బావ బూతు తిడుతూ సొరుగు వదిలేసి ఆవిడ మీదికి దూకాడు. మొదటి దెబ్బకు అక్క గోడకు కొట్టుకుంది. లేచింది. చేతిలో రోలర్లు బిగించే ఇనప పానా ఉంది.

"పో చెల్లీ! ఐదు కాకముందే పో!"

వెనక ఏదో బరువుగా కూలింది. ఎవరో తెలియదు. చెల్లెలు వెనక్కి తిరగకుండా, ఎడమచేత్తో తలుపు గడియ వెతుక్కుంటోంది.