మూయకూడని చిల్లు

దేవుడు సముద్రాన్ని చేసినప్పుడు పక్కన నిలబడి సలహాలు చెప్పే చుట్టాలెవరూ లేరు. అది ఆయన అదృష్టం. ల్యాబమ్మకు ఆ అదృష్టం లేదు. ఆమె తన ముందు గదిలో నాలుగడుగుల సముద్రాన్ని చేసుకుంటుంటే, ఆ మెట్లెక్కిన ప్రతి ఒక్కరూ ఒక మాట అనే దిగారు.

ఆమె బడిలో సైన్సు ల్యాబు చూసుకునే మనిషి. పిల్లలు పెట్టిన ఆ పేరే ఇంట్లోనూ, వీధిలోనూ స్థిరపడిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ ల్యాబులో గాజు సామాను కడుగుతోంది, బీరువాలు తుడుస్తోంది. మూడో అరలో మందునీళ్ళ సీసాలో బొటనవేలంత చేప ఒకటి ఉంది. పాలిపోయి ఉడికిన గుడ్డులా ఉంటుంది. సీసా మీది చీటీ మాత్రం 'నారింజ రంగు, తెల్ల చారలు' అంటుంది. తుడిచినప్పుడల్లా ఆమెకు ఒకటే సందేహం. అంత ఓపిగ్గా రంగు వేసి పంపిన దేవుడు ఈ సీసాను చూస్తే ఏమనుకుంటాడు? ప్రార్థనలో ఒకటి రెండుసార్లు అడిగింది కూడా. జవాబు రాలేదు. తనే వెతుక్కోవాలి కాబోలు అనుకుంది. ఆ రంగును కదిలే చేప మీద ఒక్కసారైనా చూడాలని అప్పుడే నిశ్చయించుకుంది.

అద్దాలు కోసేవాడి దగ్గర తొట్టె కోసం ఐదు గాజు పలకలు కోయించింది. అంచులకు సిలికాన్ జిగురు తనే పట్టించింది. వారం ఆరబెట్టి, తొట్టె కింద పాత దినపత్రిక పరిచి, నీళ్ళు నింపింది. మూడు రోజుల తర్వాత ఆ కాగితం ఒక్క అక్షరం కూడా తడవకుండా వచ్చింది. తొట్టె కింద బల్లలో ఇంకో చిన్న గాజు పెట్టె పెట్టింది. పై తొట్టెలో ఎక్కువైన నీళ్ళు గొట్టంలోంచి ఆ పెట్టెలోకి దిగుతాయి, అక్కడ శుభ్రపడతాయి, మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. ఉప్పు కలిపి, నీళ్ళ చిక్కదనాన్ని కొలిచి, రాళ్ళు పేర్చింది. ఆ తర్వాత చేసిందల్లా ఎదురుచూడడమే. కంటికి కనిపించని క్రిములు రాళ్ళ మీద పెరిగి, నీళ్ళలో విషం విరిగేదాకా చేపను వేయకూడదు. రోజూ పరీక్షనాళికలో నాలుగు చుక్కల మందు వేసి చూసేది. ఆకుపచ్చగా మారితే ఆగాలి. లేత పసుపు నిలిస్తే వేయవచ్చు.

ఐదు వారాలు ఆకుపచ్చే. వీధి ఊరుకుంటుందా?

"ఏం ల్యాబమ్మా, కంటికి కనిపించని జాతి చేపలు తెచ్చావా?" అని ఒకరు.

"ఉప్పునీళ్ళకు లైటొకటా!" అని ఇంకొకరు.

కింది ఇంట్లో ఉండే ఇంటిగలాయన అయితే, తన నెత్తి మీద అన్ని నీళ్ళు ఉన్నాయంటే నిద్ర పట్టడం లేదని చెప్పి, మధ్యాహ్నం పూట శుభ్రంగా గురకపెట్టేవాడు.

బుధవారం నాళికలో పసుపు నిలిచింది. చేపలు అమ్మేవాడు శనివారందాకా ఆమె పేరున ఒక జతను ఉంచుతానన్నాడు.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది.

బడికి కబురొచ్చి ఆమె పరుగున వచ్చేసరికి ముందు గదిలో కాలి వేళ్ళు మునిగేటన్ని నీళ్ళున్నాయి. పై తొట్టె సగానికి దిగిపోయి, రాళ్ళు నెత్తులు బయటపెట్టి చూస్తున్నాయి. కింది పెట్టె పొర్లిపోయింది. కింది ఇంటి కప్పు మీద కొత్త సున్నంలో పెద్ద మరక పడింది. ఇంటిగలాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలమ్మా. తొట్టెనో, ఇంటినో నువ్వే తేల్చుకో."

ఆమె అక్క అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపి చీపురుతో నీళ్ళు తోస్తోంది. "పైపుల పని పైపులవాళ్ళకు వదిలెయ్యాలే. మీ బావ చెయ్యి పడి ఉంటే ఇలా అయ్యేదా? నేను ఫోన్ చేశాలే, వస్తున్నాడు."

బావ నలభై ఏళ్ళ అనుభవమున్న పైపుల మేస్త్రీ. తను బిగించిన పైపునుంచి చుక్క కారితే మీసం తీసేస్తానని అందరి దగ్గరా పందెం కాసేవాడు. అందుకే ఆయన చుక్క బావ.

ల్యాబమ్మ తొట్టె దగ్గరికి వెళ్ళింది. లెక్క తప్పినట్టు ఆమెకు తోచలేదు. మోటారు ఆగితే, పైకి తోసిన గొట్టమే తొట్టెలో నీళ్ళను వెనక్కి లాగేస్తుందని ఆమెకు ముందే తెలుసు. అందుకే గొట్టానికి నీటిమట్టానికి కాస్త పైన బియ్యపుగింజంత చిల్లు వేసింది. మోటారు తిరిగినంతసేపూ ఆ చిల్లులోంచి సన్నటి ధార చుయ్‌మంటూ తొట్టెలోనే పడుతుంది. ఆగగానే అందులోంచి గాలి లోపలికి దూరి లాగుడు తెగిపోతుంది. కింది పెట్టెలో నీళ్ళు ఎంతవరకు లేస్తాయో పెన్సిలుతో గీత కూడా గీసి పెట్టింది.

ఆమె వంగి గొట్టాన్ని తడిమింది. చిల్లు లేదు. చిల్లు ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద ఒకటి, వేలిముద్రతో సహా, రాయిలా గట్టిపడి ఉంది. నాళికలో రంగు చూసే ధ్యాసలో, ఆ చుయ్‌మనే ధార ఆగిపోయిందని ఆమె గమనించనే లేదు.

"ఇది ఎవరు పెట్టారండీ?"

గోడవార నిలబడ్డ ఆమె భర్త తపాలా కచేరీలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. వేల చిరునామాలు గుర్తుపెట్టుకోగల మనిషి. ఇప్పుడు మాత్రం కప్పు మీది ఫ్యాను వైపు చూశాడు. అదీ తిరగడం లేదు.

"మొన్న ఆదివారం నువ్వు బజారుకెళ్ళినప్పుడు చుక్క అన్నయ్య వచ్చాడు కదా. పైపు కారుతోందని..."

"ఆ చిల్లు ఎందుకో మీకు మూడుసార్లు చెప్పాను."

"చెప్పావు."

"మరి ఆయనకు చెప్పలేదేం?"

"పెద్దవాడు. ముచ్చటపడి సంచిలోంచి కన్నాలు మూసే ముద్ద తీసి పిసుకుతుంటే వద్దని ఎలా అంటాం? బాగోదు కదా."

ల్యాబమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పింది వినకపోతే సరిపెట్టుకునేది. ఈయన విన్నాడు, గుర్తూ పెట్టుకున్నాడు. గుర్తుండీ, ఆమె ఐదు వారాల పనికంటే ఒక పెద్దమనిషి ముచ్చటే బరువని తూచి ఊరుకున్నాడు!

"పోనీవే, మీ బావ మంచికే చేశాడు," అంది అక్క చీపురు ఆపి.

"మంచికే చేశాడక్కా. అడక్కుండా చేశాడు. కడిగే సీసా మీద కూడా చీటీ చదవకుండా చెయ్యి పెట్టను నేను!"

మెట్ల మీద పనిముట్ల సంచి చప్పుడైంది. చుక్క బావ నవ్వుతూ లోపలికొచ్చాడు. "ఏం మరదలా, సముద్రం పొంగిందట? నేను ఆ కన్నం మూసుండకపోతే ఇంకెంత పొంగేదో!"



ల్యాబమ్మ గట్టిగా ఊపిరి తీసుకుంది. ఓపిక ఇవ్వమని దేవుణ్ణి అడగబోయి, ఓపిక వద్దు, గొంతు వణక్కుండా చూడు చాలు అనుకుంది. ఇంటిగలాయన వైపు తిరిగింది. "బాబాయ్‌గారూ, అరగంట ఇవ్వండి. ఇక్కడే కూర్చుని చూడండి. ఆ తర్వాత కూడా తీసెయ్యమంటే నేనే తీసేస్తాను."

ఆయన చెప్పులు విడిచి, తడి తగలకుండా కాళ్ళు పైకి పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె కింది పెట్టెలో ఎక్కువైన నీళ్ళు తోడేసి, డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళతో తొట్టె నింపింది. అప్పటికి కరెంటు వచ్చింది. మోటారు తిప్పింది. నీళ్ళు తిన్నగా తిరిగాయి. తర్వాత మీట ఆపింది. గొట్టం వెనక్కి లాగడం మొదలుపెట్టింది. కింది పెట్టెలో నీళ్ళు పెన్సిలు గీత దాటాయి. నాలుగు వేళ్ళు లేచాయి. అంచు దగ్గరకొచ్చాయి.

"ఆపు, ఆపు! నా కప్పు!" అంటూ ఇంటిగలాయన కుర్చీలోంచి లేచేశాడు.

ఆమె గొట్టం కొసను నీళ్ళలోంచి పైకెత్తింది. లాగుడు ఆగింది.

"ఇది ముద్ద ఉన్నప్పుడు. బావా, సంచిలో చేతి డ్రిల్లు ఉందిగా? నువ్వు మూశావు, నువ్వే తెరువు."

చుక్క బావ ఆమె ముఖాన్ని చూశాడు. ముద్ద గీకి, దాని కిందనున్న చిల్లు మీదే మొన పెట్టి తిప్పాడు. బూడిదరంగు పొడి అరచేతిలో పట్టుకున్నాడు, నీళ్ళలో పడకుండా. ఎంతైనా పనివాడు.

మళ్ళీ నింపారు, మళ్ళీ తిప్పారు. సన్నటి ధార చుయ్‌మంది. ఆమె మీట ఆపింది. గొట్టం గుటక వేసినట్టు ఒక చప్పుడు చేసి గాలి మింగింది. కింది పెట్టెలో నీళ్ళు లేచి లేచి, పెన్సిలు గీత మీదికి వచ్చి అక్కడే నిలబడిపోయాయి.

చుక్క బావ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతనే చూశాడు చాలాసేపు. "ఇది ఎప్పుడు గీశావు?"

"ఐదు వారాల కిందట."

"నలభై ఏళ్ళుగా పైపులు బిగిస్తున్నా," అన్నాడు మీసం సవరించుకుంటూ. "కారాల్సిన పైపు ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు అడగలేదు బావా."

ఇంటిగలాయన చెప్పులు వేసుకున్నాడు. "తొట్టె ఉండనీ. సున్నం ఎవరు వేస్తారు?"

"నేనే వేస్తాను," అన్నాడు చుక్క బావ.

శనివారం చేపలొచ్చాయి. సంచితో సహా తొట్టెలో తేలనిచ్చి, నీళ్ళు అలవాటయ్యాక వదిలింది. మొదటిది రాయి వెనక దాక్కుంది. రెండోది లైటు కిందికొచ్చి పక్కకు తిరిగింది. చీటీ రాసినవాడు పిసినారి అనుకుంది ల్యాబమ్మ. నారింజ అన్న ఒక్క మాట దానికి ఏ మూలకు?

వెనక చుక్క బావ ఇంటిగలాయనకు వివరిస్తున్నాడు. "అసలు కిటుకంతా ఆ చిల్లులో ఉందండీ. నేనే వేశాను."

"రెండోసారి నువ్వు వేశావు బావా. మొదటిసారి వేసింది నేను," అంది చేప మీదినుంచి చూపు తిప్పకుండానే.

"అదే, అదే చెబుతున్నా!"

భర్తతో ఆమె రెండు రోజులుగా అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆదివారం పొద్దున గుండుసూది తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఉప్పు పేరుకుంటే ఆ చిల్లు మూసుకుపోతుంది. వారానికోసారి పొడవాలి. ఇకనుంచి అది మీ పని."

ఆయన మెడ వంచి గొట్టాన్ని దగ్గరగా చూసి, సూదిని గాల్లోనే ఆపాడు.

"ఇక్కడేనా? ఎంత లోపలికి పోవాలి?"

ల్యాబమ్మ పక్కకు వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని చూపించింది.