ట్రియెస్తె వెళ్ళే ముందు ఆదివారం

లివియో ఊరు వదిలి వెళ్ళిపోతున్న సంగతి ఓర్నెల్లాకు అతని నోట తెలియలేదు. ఆమె నడిపే సెలూన్‌లో జుట్టుకు రంగు వేయించుకుంటూ, ఎప్పుడూ వచ్చే పియెరా చెప్పింది. దేశానికి ఆ చివర, సముద్రపు ఒడ్డున ట్రియెస్తెలో కూతురి దగ్గర ఉంటాడట. ఆ మాటకు ఓర్నెల్లా రంగు కాస్తా పియెరా చెవికి పూసేసింది.

తరువాతి ఆదివారమే సైకిళ్ళ గుంపుతో అతని ఆఖరి సవారీ. అక్టోబరు నెల. ద్రాక్షకోతలు అయిపోయి తోటలు ఎర్రబడ్డాయి. తమ ఊరు ఆల్బాలో బయలుదేరిన సైకిళ్ళు పొగమంచులోంచి ఒక్కొక్కటే బయటపడి బొస్సొలాస్కో కొండదారి పట్టాయి. ఎప్పటిలాగే ముందు లివియో, అతని వెనక చక్రానికి జానెడు దూరంలో ఓర్నెల్లా. ఎదురుగాలికి అతను అడ్డుంటే ఆమెకు తొక్కడం తేలిక. భర్తతో విడిపోయి ఈ గుంపులో చేరిన నాటి నుంచీ ఆమె ఆదివారాలన్నీ ఆ వీపు చూస్తూనే గడిచాయి. చెమటకు చొక్కా మొదట ఎక్కడ తడుస్తుందో కూడా ఆమెకు తెలుసు. అతనికి మాత్రం ఏమీ తెలియదనుకునేది.

"ఒరేయ్ లివియో, నువ్వు పోతే ఓర్నెల్లా ఎవరి వెనక దాక్కుంటుందిరా?" వెనకనుంచి కేకేశాడు మాంసం కొట్టు చెలెస్తీనో.

"నీ వెనకే. నీ వెనక దాక్కుంటే తుఫానైనా తగలదు," అంది ఓర్నెల్లా.

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

దారి నిట్టనిలువుగా లేచే చోట లివియో గేరు మార్చబోయాడు. చైను పుటుక్కున తెగింది. "మీరు పదండి, నేను వస్తాలే," అని అందర్నీ పంపేశాడు. ఓర్నెల్లా మాత్రం కదల్లేదు.

"నువ్వూ పో. పైన భోజనం చల్లారిపోతుంది."

"చల్లారనీ."

అతను గట్టు మీద కూర్చుని చైను లంకెలు కలపసాగాడు. పక్క తోటలో ఎవరో ఎండుటాకులు ఊడుస్తున్నారు. ఇంకాసేపట్లో ఆ పని అయిపోతుంది, ఇక మాట్లాడటానికి చోటుండదు అనిపించింది ఆమెకు.

"వెళ్ళకు లివియో."

అతని చేతులు ఆగాయి. తల ఎత్తకుండానే అన్నాడు: "మా అమ్మాయి ఆదాకి కాళ్ళు పడిపోయాయి. అల్లుడు వదిలేసి పోయాడు. మంచం మీంచి లేపాలన్నా, స్నానం చేయించాలన్నా మనిషి కావాలి."

గుంపులో ఎవరికీ చెప్పని మాట అది. సముద్రం చూస్తూ హాయిగా కాలక్షేపం చేస్తానని అందరితోనూ అన్నాడు.

"అయితే నేనూ వస్తాను."

"మరి నీ సెలూనో?"

"తాళం వేస్తా. అక్కడ జనానికి జుట్టు పెరగదా ఏం?"

అతను నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటే చెంప మీద నల్లటి మరక పడింది. "తననలా ఎవరూ చూడకూడదంటోంది ఆదా. స్నేహితుల్ని కూడా గడప తొక్కనివ్వడం లేదు. నన్ను ఒప్పుకోవడమే గగనమైపోయింది. నిన్ను రమ్మని నేనెలా అనగలను? అనాలని లేక కాదు, ఓర్నెల్లా."

ఆ చివరి మాట ఆమె గుండెలో దిగబడిపోయింది. గ్రీజు అంటిన అతని చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. అతను వెనక్కి లాక్కోలేదు.

మిగతా ఎత్తు పక్కపక్కనే ఎక్కారు. అంత నెమ్మదిగా ఆ కొండను వాళ్ళెన్నడూ ఎక్కలేదు. భోజనాల దగ్గర చెలెస్తీనో వైన్ గ్లాసు ఎత్తి ఏదో చెప్పబోయి, చెప్పలేక, లివియో మెడ పట్టుకుని భోరుమన్నాడు. ఓర్నెల్లా ఏడవలేదు. లివియో కంచంలోకి మరో గరిటెడు పుట్టగొడుగుల కూర వడ్డించింది.

లివియో వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం సాయంత్రం కూతురు పడుకున్నాక ఫోను చేస్తాడు. "ఇవాళ ఎటు వెళ్ళారు?" అని అడుగుతాడు. ఓర్నెల్లా మలుపు మలుపూ చెబుతుంది: కుక్క తరిమిన చోటు, కొత్తగా నాటిన తోట, చెలెస్తీనో దిగి సైకిల్ నడిపించుకొచ్చిన ఎత్తు. ఒకసారి బొస్సొలాస్కో కొండ ఎక్కిన తీరు చెబుతూ చెబుతూ ఉంటే అవతల ఉలుకూ పలుకూ లేదు.

"లివియో, వింటున్నావా?"

"ఎక్కుతున్నాను," అన్నాడు అతను. "తొందరపెట్టకు."

ఆమె ఫోను చెవికి ఆనించుకుని, అతను పైకి చేరేదాకా మాట్లాడకుండా కూర్చుంది.