పాలేరు వంతెన దాకా

మిర్యాలగూడలో తమ బియ్యం మిల్లు ఆఫీసు గదిలో కూర్చుని హైమావతి పొద్దున చాయ్ తాగుతూ కొత్త పాటలు వింటుంది. బయట లారీలు ధాన్యం దించుతుంటాయి. హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో అంటుకున్న అలవాటిది. ఇంగ్లీషు రాక్ క్యాసెట్లతో మొదలై ఇప్పటి పాప్ ఆల్బముల దాకా వచ్చింది. భర్త గిరిధర్ వడ్లు నోట్లో వేసుకుని కొరికి తేమ చెప్పినట్టు, ఆమె పల్లవి విని పాట సంగతి చెప్పేస్తుంది.

ఆమెకు నచ్చని పాట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల మోగదు. ఫోన్లో పెట్టినా, పెళ్లి డీజేలో పెట్టినా బొమ్మ కదులుతుంది, చప్పుడు రాదు. కోదాడ దాటి పాలేరు వంతెన మీదికి ఎక్కగానే ఆగినచోటి నుంచి మళ్లీ అందుకుంటుంది. విజయవాడ బస్సుల్లో వెళ్లేవాళ్లు వంతెన వచ్చేదాకా ఓపిక పడతారు. కరెంటు పోతే ఎంత మాట్లాడుకుంటారో దీని గురించీ అంతే మాట్లాడుకుంటారు.

ఆ రోజు సూర్యాపేట నుంచి డీజే సైదులు వచ్చాడు.

"అక్కా, జర ఈ పాట ఇను. బరాత్ నడుమ ఆగిపోతే పెండ్లికొడుకు గుర్రం దిగి కొడ్తడు."

హైమావతి విన్నది. "డప్పు మంచిగుంది. పాడినోడే గొంతుల మిషన్ పెట్టుకున్నట్టు పాడిండు. గట్లయితే ఎవడు పాడినా ఒక్కటే."

"నచ్చలేదా?"

"ఆగింది సూడు."

సైదులు ఫోన్ చెవికి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "డప్పన్న ఉండనియ్యరాదక్కా!"

"నా చేతుల ఏముందిరా?"

నిజంగానే ఆమె చేతుల్లో లేదు. బాగుందని నోటితో అంటే సరిపోదు, లోపల నచ్చాలి. ఒకసారి గిరిధర్ స్నేహితుడి కొడుకు పాటను పదిమందిలో మెచ్చుకుంది. మెచ్చుకుంటుండగానే పాట ఆగిపోయింది. దాంతోపాటు స్నేహమూ ఆగిపోయింది.

అందుకే కోడలు ప్రియాంక ఆల్బం చేస్తోందని తెలిసిన రోజు నుంచి హైమావతి ఆ పాటలు చెవిన పడకుండా తిరుగుతోంది. ప్రియాంకది కోదాడ. అక్కడే ఇంజనీరింగ్ చదివి, కాలేజీ బ్యాండులో పాడి, ఇప్పుడు ఆ స్నేహితులతోనే ఆల్బం పూర్తి చేసింది. ఎక్కడ పాడినా పాడకపోయినా సొంతూళ్లో, తనను చూసి నవ్వినవాళ్ల ముందు పాడాలని ఆ పిల్ల కోరిక. కోదాడలో స్టేజి కట్టారు. కొడుకు యశ్వంత్ సంబరంగా కారు తీశాడు.

"మీరు రారా అత్తమ్మా?" అని అడిగింది ప్రియాంక.

"నేను రాకుంటేనే నీకు మంచిది బిడ్డా. నీ పాట నేనెన్నడు విననే వినను."

ఆ సాయంత్రం హైమావతి తన ఫోన్ కట్టేసి, టీవీ తీగ పీకేసి మిల్లులో కూర్చుంది. తౌడు ఊడుస్తున్న లచ్చమ్మ ఫోన్ మోగింది. చిన్నమ్మగారి పాటేనని ముచ్చటపడి పొద్దునే రింగుగా పెట్టించుకుంది లచ్చమ్మ. నడుము దగ్గర దోపుకున్న ఫోన్ బయటికి తీసేలోపు ఒక చరణం అయిపోయింది.

"మంచిగుంది గదమ్మా?" అంది లచ్చమ్మ, ఫోన్ పైకెత్తి.

అప్పటికే అందులో చప్పుడు లేదు.

కోదాడలో స్టేజి మీద ప్రియాంక నోరు తెరిచి ఉంది. వెనక గిటారు కుర్రాడి వేళ్లు కదులుతున్నాయి. జనం ఇంకొంచెంసేపు చూసి, "అత్త విన్నట్టుంది" అనుకుని లేచి వెళ్లిపోయారు.

తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట. అత్త గదా, ఎట్ల నచ్చుతది?

"కన్నకొడుకు పెండ్లాం పాట. నచ్చించుకోరాదమ్మా?" అన్నాడు యశ్వంత్.

"నచ్చించుకునేదైతే నువ్వు అడగాల్నారా?"

ప్రియాంక మాత్రం ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఏం నచ్చలేదో చెప్పండత్తమ్మా. నిజంగా."

"కళ్ళు అనాల్సిన కాడల్లా కల్లు అన్నవ్. 'నీ కల్లలో మునిగిపోనా' అంటివి. నాకు తాటిచెట్టు, ముంత కనబడ్డయి."

ప్రియాంక నవ్వింది, వెంటనే ఏడ్చింది. "పాప్‌లో అందరూ అట్లానే పాడతారు. అది స్టైలు."

"అందరి లెక్కనే ఉంది. నువ్వు కుక్కర్ దగ్గర నిలబడి పాడుకుంటవు చూడు, ఆ గొంతు ఇందుల లేదు."

ప్రియాంక మళ్లీ పాడి తెచ్చింది. హైమావతి స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, నచ్చాలి నచ్చాలి అనుకుంటూ విన్నది. ఈసారి 'ళ' ఎక్కడా జారలేదు. బడిపిల్ల పద్యం ఒప్పజెప్పినట్టుంది అని ఆమెకు అనిపించింది. అనిపించొద్దు అనుకునేలోపే అనిపించింది. పాట ఆగింది. అత్తాకోడళ్లు చప్పుడు లేని ఫోన్ వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

ఆ ఏడాదే కొడుకూ కోడలూ వంతెన అవతల జగ్గయ్యపేటలో కిరాయికి దిగారు. యశ్వంత్ బియ్యం దుకాణం పెట్టుకున్నాడు. ప్రియాంకను విజయవాడ దాకా పాటకు పిలుస్తున్నారు.

హైమావతి ఆదివారం ఆదివారం డబ్బాలో సకినాలు పట్టుకుని కోదాడలో బస్సు మారి పోతుంది. అక్కడ కోడలు ఆ మొదటి పాట, కల్లు పాటే, ఎదురుగా కూర్చుని పాడుతుంది. ఆమె పూర్తిగా వింటుంది.

"ఎట్లా ఉందత్తమ్మా?"

"చారు బాగ కుదిరింది."

తిరుగు బస్సులో అదే పాట ఫోన్లో పెట్టుకుంటుంది. వంతెన దిగగానే ఆగిపోతుంది. ప్రియాంక ఫోన్ చేస్తుంది. ఎక్కడ ఆగింది? వంతెన దగ్గర. సరే, పడుకునే ముందు బీపీ మాత్ర వేసుకోండి. ప్రతివారం ఇదే.

మొన్నటి ఆదివారం వంతెన దాటినా పాట ఆగలేదు. హైమావతి బిగుసుకుపోయింది. ఏమీ అనిపించకూడదని కిటికీలోంచి మిరప చేలను చూసింది, ముందు సీట్లో ముసలాయన తలపాగాను చూసింది. కల్లు వచ్చింది, పోయింది. ఇంకా పాడుతోంది. ఆ తర్వాత ఆగింది.

ఫోన్ మోగింది. "ఎక్కడ ఆగింది?"

"రామాపురం క్రాస్ రోడ్డు."

ప్రియాంక నెమ్మదిగా అంది. "బస్సు స్పీడుగా పోయిందేమో అత్తమ్మా."

"లేదు బిడ్డా," అంది హైమావతి. "బర్రెలు అడ్డమొచ్చినయి. మెల్లగనే వచ్చింది."