మూడుసార్లు మేరీలాండ్

"ఆపు, ఆపు, ఇక్కడే ఆపు," అంది అత్తయ్య, వంతెన ఇంకా కనిపించకముందే.

ఆవిడ చెప్పకపోయినా ఆపేదాన్ని. బర్క్లీ స్ప్రింగ్స్ నుంచి ఉత్తరానికి వెళ్ళే ప్రతిసారీ నది ఇవతల ఈ చెట్ల కింద ఆగాల్సిందే. ఇవతల మా వెస్ట్ వర్జీనియా రాష్ట్రం. కాస్త దూరం పోతే పెన్సిల్వేనియా. అత్తయ్య తుపాకీ లైసెన్సు రెండుచోట్లా చెల్లుతుంది. మధ్యలో మేరీలాండ్ ఒకటి ఉంది, ఆ చోట రిబ్బన్ ముక్కంత సన్నం. రేడియోలో ఒక పాట పూర్తయ్యేలోపు దాటేస్తాం. కానీ అక్కడ చెల్లదు. తూటాలు తీసేసి, తుపాకీని పెట్టెలో పెట్టి తాళం వేసి, అన్నీ చేతికి అందకుండా డిక్కీలో పెట్టుకుంటేనే దాటాలి.

చాలామంది దాటేశాక కూడా దాన్ని డిక్కీలోనే వదిలేస్తారు. మా అత్తయ్య వెల్డా వదలదు. అవతల పెన్సిల్వేనియా బోర్డు కనిపించగానే మళ్ళీ కారు ఆపించి, మళ్ళీ తూటాలు నింపి, మళ్ళీ హ్యాండ్‌బ్యాగ్‌లో పిప్పరమెంటు బిళ్ళల పక్కన పెట్టుకుంటే గాని ఆవిడకి ఊపిరాడదు.

"అత్తయ్యా, ఇవాళ ఒక్కరోజు డిక్కీలోనే ఉండనివ్వకూడదూ? తొమ్మిదింటికి పేర్లు రాసే బల్ల ఎత్తేస్తారు."

"లైసెన్సు తీసుకుంది గోడకి తగిలించుకోడానికా? దిగు, డిక్కీ తియ్యి."

ఇవాళ నా మొదటి పోటీ. మకానెల్స్‌బర్గ్ అవతల ఒక క్లబ్బులో ఆడవాళ్ళ పిస్తోలు పోటీ. తొమ్మిదిలోపు పేరు రాయించుకోకపోతే తలుపు మూసినట్టే, మళ్ళీ వచ్చే ఏడాదే. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాక నేను ఒకదానికోసం ఇంతగా ఆశపడటం ఇదే మొదటిసారి. చలికాలమంతా గడ్డిపొలంలో కాగితం ప్లేట్లు కట్టి కాల్చాను. మా ఆయన డ్వేన్ వరండాలో కాఫీ తాగుతూ, "ప్లేటు సంగతేమో గాని, ఆవులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి," అనేవాడు. అత్తయ్య నవ్వేది కాదు. నా వెనక నిలబడి, "మోచేయి! మోచేయి వదిలేస్తున్నావ్!" అని అరిచేది. తూటాలు కూడా ఆవిడే చేసింది. బట్టలు ఆరబెట్టే మిషను పక్కన బల్లకి బిగించిన చేతి ప్రెస్సు మీద, కేకుకి సోడా కొలిచినంత శ్రద్ధగా తుపాకిమందు కొలిచి, ఒక్కొక్కటీ తయారుచేసి, గాలిమర బొమ్మ ఉన్న నీలం బిస్కట్ల డబ్బాలో నింపింది.

ఆవిడ తన రివాల్వర్‌లోంచి ఐదు తూటాలూ రాల్చి, కన్నాలన్నీ వేలితో తడిమి, నా తుపాకీ ఉన్న పెట్టెలోనే దాన్నీ పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించింది. నేను లోపల కూర్చుని స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తున్నాను. అద్దంలో ఆవిడ తెల్లజుట్టు లేస్తూ వంగుతూ కనబడుతోంది.

"అయిందా?"

"కంగారు పడితే గురి తప్పుతుంది. పద."

వంతెన, హాంకాక్ ఊరు, కొండ మలుపు, బోర్డు. పెన్సిల్వేనియాలో మొదటి పెట్రోలు బంకులో ఆగాం. మాంసం కూరిన పెప్పెరోనీ రోల్ నోట్లో పెట్టుకుని నేను గడియారం చూసుకుంటున్నాను. టైముంది. బోలెడుంది. ఒంట్లో ఏదో బుసబుస పొంగుతోంది, సోడా సీసా ఊపినట్టు. వెనక అత్తయ్య తన ఐదు తూటాలూ నింపుకుంటోంది. కోటు మడతలో కట్టి డిక్కీ మూలన పెట్టుకుంటుంది వాటిని, ఎప్పుడూ.

తరవాత సామాను అటూ ఇటూ జరిపిన చప్పుడు.

"రోండా. నీలం డబ్బా ముందు సీట్లో పెట్టావా?"

"ముందు సీట్లో పెడితే మీరు బతకనిస్తారా?"

దిగి వెళ్ళాను. దుప్పటి ఎత్తాం. జాకీ ఎత్తాం. ఆవిడ మొహంలో రంగు లేదు.

"తుపాకుల పక్కన ఉండకూడదు కదా అని బయటికి తీశాను. ఇటు మూల సర్దాక పెడదామని ఆ చెట్ల కింద రాతిగోడ మీద పెట్టాను. అంతలో కన్నాలు ఇంకోసారి చూద్దామనిపించింది..."

చలికాలమంతా పడ్డ కష్టం ఆ గోడ మీద కూర్చుంది.

"క్లబ్బులో తూటాలు అమ్ముతారు," అన్నాను చివరికి. "కొనుక్కుంటాను. సర్దుకుంటాను."

"నువ్వు సర్దుకుంటావు. నిజమే." ఆవిడ డిక్కీ అంచు పట్టుకుంది. "ఆ డబ్బా మీద ఏం రాసుందో గుర్తుందా?"

వెన్న బిస్కట్లు అని రాసుంది. ఆదివారం పొద్దున్న ఆ చెట్లకిందికి చేపలు పట్టేవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని వస్తారు.

"ఎక్కండి," అన్నాను.

ఎక్కలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. అప్పుడే నింపిన ఐదింటినీ మళ్ళీ రాల్చింది. పెట్టె, తాళం, గొలుసు. నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. ఆవిడ ఒక్క పనీ వదల్లేదు.

మేరీలాండ్ రెండోసారి దాటుతున్నాం. హాంకాక్ దిగువన ఒక బోర్డు వెనక పోలీసు కారు ఒకటి ఆగి ఉంది. మమ్మల్ని చూసినట్టే ఉంది.

చెట్లకింద ఒక వ్యాన్. రాతిగోడ మీద ఇద్దరు పిల్లలు. వాళ్ళలో పెద్దపిల్ల చేతుల్లో నీలం డబ్బా. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది, గలగలమంటోంది. కారు పూర్తిగా ఆగకముందే అత్తయ్య దిగింది. ఆవిడ మోకాళ్ళు అలా పరుగెత్తగలవని నాకు ఆ రోజే తెలిసింది.

"తల్లీ, అది నాది, ఇటియ్యి!"

"మూత రావట్లేదు," అంది పిల్ల నిష్ఠూరంగా.

వాళ్ళమ్మ వ్యాన్ వెనకనుంచి వచ్చింది. "మీవా? ఇంత బరువేంటండీ, బిస్కట్లా రాళ్ళా?"

అత్తయ్య ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. ఆ తల్లి నవ్వు ఆగిపోయింది. పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుని, ఒక క్షణం తరవాత అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "వెనక్కొచ్చారు. మంచిపని చేశారు."

అత్తయ్య పిల్లకి పిప్పరమెంట్లన్నీ ఇచ్చేసింది. డబ్బాని డిక్కీలో తన చేత్తో పెట్టి, డిక్కీ మూసేముందు నన్ను పిలిచింది. "నువ్వు చూడు. నీ కళ్ళతో చూసి చెప్పు."

"తుపాకుల పెట్టె అటు మూల. డబ్బా ఇటు మూల. మీ ఐదూ కోటులో. అంతా ఉంది. ఎక్కండి అత్తయ్యా!"

వంతెన మీద ఎలా తోలానో నాకే తెలీదు. హాంకాక్ ఊరు వెనక్కి ఎగిరిపోతోంది. కొండెక్కుతుంటే అద్దంలో పోలీసు కారు నీలం ఎరుపు దీపాలు.

"అయిపోయింది," అన్నాను.

"చేతులు స్టీరింగు మీద పెట్టు. మాట్లాడేది నేను." ఆవిడ తన చేతులు రెండూ ముందు పరిచి పెట్టుకుంది, పియానో వాయించబోతున్నట్టు.

కుర్ర పోలీసు ఒకతను కిటికీ దగ్గరికొచ్చాడు. "పొద్దుట్నుంచి ఈ కారు మూడోసారి చూస్తున్నాను. దారి తప్పారా అమ్మా?"

"లేదు నాయనా. ముందే చెప్తున్నాను, కంగారు పడకు. డిక్కీలో రెండు తుపాకులున్నాయి. ఖాళీవి. పెట్టెకి తాళం ఉంది, చెవి నా మెడలో ఉంది. తూటాలు వేరే, ఐదు కోటులో, మిగతావి బిస్కట్ల డబ్బాలో."

"బిస్కట్ల డబ్బాలోనా?"

"అందుకే మూడుసార్లు," అన్నాను. ఆపుకోలేక ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

కథంతా చెప్పింది అత్తయ్య. అతను డిక్కీ తీయించి చూశాడు. దుప్పటి ఎత్తాడు, తాళం లాగాడు, డబ్బా ఊపాడు. నాకు ఒక యుగం గడిచినట్టనిపించింది. తిరిగొచ్చినప్పుడు పెదవి కొరుక్కుంటున్నాడు.

"మా ఆవిడ నగలకి కూడా ఇంత కాపలా లేదు. తుపాకుల సంగతి పద్ధతిగా ఉందమ్మా. మీ కోడలి కాలే పద్ధతిగా లేదు. ఊళ్ళో ఆ స్పీడేంటి?"

"మొదటి పోటీ బాబూ. తొమ్మిదింటికి."

గడియారం చూశాడు. తీసుకున్న నా డ్రైవింగు లైసెన్సు తిరిగి చేతిలో పెట్టాడు. "ఈసారికి మాటతో వదిలేస్తున్నా. నెమ్మదిగా వెళ్ళినా అందుకుంటారు. గెలవండి."

అతను కనుమరుగయ్యేదాకా పద్ధతిగా తోలాను. అత్తయ్య గొంతు సవరించుకుంది. "నేను డబ్బా మర్చిపోయాను. నువ్వు బ్రేకు మర్చిపోయావు. డ్వేన్‌కి రెండూ చెప్పం."

"చెప్పం."

బోర్డు వచ్చింది. పెట్రోలు బంకు వచ్చింది. అలవాటుగా ఇండికేటరు వేశాను.

"ఎందుకు తిప్పుతున్నావ్?"

"మీ తుపాకీ..."

"ఉండనీ డిక్కీలో. పోనీ ముందుకి."

పక్కకి చూశాను. ఆవిడ ఖాళీ హ్యాండ్‌బ్యాగ్‌ని రెండు చేతులతో కడుపుకి అదుముకుని రోడ్డు వైపే చూస్తోంది. నా పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, ఈ బోర్డు దాటాక ఆవిడ ఆగకుండా పోవడం నేను చూడలేదు. ఇండికేటరు తీసేశాను.

క్లబ్బు దగ్గర ఒక పెద్దాయన బల్ల కాళ్ళు మడుస్తున్నాడు. అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి కేకేసింది: "ఓయ్! ఆ బల్ల కింద పెట్టు! మా అమ్మాయి వచ్చింది!"

కోడలు అనలేదు. అమ్మాయి అంది. ఆయన పెట్టాడు.

వరసలో నిలబడ్డాను. చెవులకి మూతలు పెట్టుకున్నాను. ప్లేట్లు కావివి, నిజమైన నల్ల గుండ్రాలు. చేతిలో అత్తయ్య చేసిన తూటాలు. కాల్చాను. మొదటిది అంచుకి పోయింది. వెనక్కి తిరిగి చూశాను. తాడు అవతల అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్ గాల్లో ఊపుతూ ఎగిరెగిరి ఏదో అరుస్తోంది. చెవి మూతల్లోంచి ఒక్క ముక్కా వినపడలేదు.

మోచేయి సర్దుకున్నాను. రెండోది నల్లటి గుండ్రం మధ్యలో దిగింది.