తిట్లు మాన్పించిన టీ

రాబియా మామాకు నిద్ర పట్టకపోవడం కాశమ్మ చేసుకున్న అదృష్టం. మస్కట్‌లో ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు. ఈ మామాకు భర్త లేడు. గోను తుఫానుకు మునిగిన పాత ఇంటిని అమ్మాలా వద్దా అని కొడుకులిద్దరూ కొట్టుకుంటున్నారు. ఆమె రోజూ సాయంత్రం నమాజు కాగానే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, అరబ్బీ, హిందీ కలగలిపి కొడుకుల్నీ, కోడళ్లనీ, మధ్యమధ్యలో కాశమ్మ వంటనీ దులిపేసేది. కాశమ్మకు సగం అర్థమయ్యేది కాదు. అయినా గిన్నెలు తోముతూ "ఐవా మామా, ఐవా" అని ఊకొట్టేది. కడప నుంచి వచ్చాక తన ఎదుట కూర్చుని మాట్లాడిన మనిషి మామా ఒక్కతే.

అంతలో చైనా వైద్యం దాపురించింది. రువీ బజారులో ఒక చైనా డాక్టరమ్మ మామా నాడి పట్టి, నాలుక చూసి, కోపమంతా కాలేయంలో పేరుకుపోయిందని, అందుకే నిద్ర పట్టడం లేదని తేల్చింది. ఎండు చామంతులు, గులాబీ మొగ్గలు ఇచ్చింది. వేడినీళ్లు పోసి, మూతపెట్టి, పువ్వు విచ్చుకున్నాక నిదానంగా, మాట్లాడకుండా తాగాలట.

జడలో పెట్టుకునే పూలను తాగడమేమిటి, చోద్యం కాకపోతే! పైగా టీ అన్నాక కాగాలి. కాశమ్మ చామంతుల్ని పాలలో వేసి, అల్లం దంచి, చక్కెర దట్టించి, చిక్కగా మరిగించి ఇచ్చింది. మామా ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"యా కాశమ్మా! ముఖ్ మాఫీ? బుర్ర లేదా నీకు? ఇది మందు!"

ఆ తిట్లు భోజనాల వేళ దాకా సాగాయి. మర్నాటి నుంచి కాశమ్మ బుద్ధిగా చెప్పినట్టే చేసింది. అదే కొంప ముంచింది. మందు పనిచేసింది.

ఇప్పుడు మామా కిటికీ దగ్గర కూర్చుని, గాజు కప్పులో విచ్చుకునే పువ్వును చూస్తూ తాగి, పెందలాడే పడుకుంటోంది. గుమ్మంలో కుర్చీ హాల్లోకి వెళ్లిపోయింది. రోజంతా కలిపితే కాశమ్మ చెవిన పడేది థాంక్స్ చెబుతూ అనే ఒక్క "షుక్రన్".

ఊళ్లో ఉన్న తమ్ముడు ఇస్రాయేలుకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే నవ్వాడు.

"తిట్టడం మానేసిందంటే మంచిదే కదక్కా. ఇంగేం గావాల నీకు?"

"ఏం వద్దులేరా," అని ఫోన్ పెట్టేసింది. ఏం కావాలో చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఆ సాయంత్రం కావాలనే చామంతుల్ని పాలలో వేసి మరిగించింది. కప్పు చేతికిచ్చి అక్కడే నిలబడింది.

మామా తాగింది. మొహం చిట్లించింది. తర్వాత మెల్లగా నవ్వి కాశమ్మ చెయ్యి నిమిరింది.

"మాఫీ ముష్కిల్, పర్లేదులే. అలిసిపోతున్నావు. రేపటి నుంచి నేనే చేసుకుంటాలే. నువ్వు పోయి పడుకో."

చెంపదెబ్బ కొట్టినా అంత నొచ్చుకునేది కాదు.

"తిట్టు మామా," అంది కాశమ్మ, తెలుగులోనే. "ఒక్కతూరి తిట్టు."

"ఏష్?" అంది మామా, అర్థం కాక.

"ఏం లేదు మామా."

కప్పు తీసుకుని వంటింట్లోకి వచ్చింది. మిగిలిన టీ నిలబడే తాగేసింది. చేదుగా ఉంది. ఖాళీ గుమ్మం వైపు చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం మామా గొంతుతో అంది:

"యా కాశమ్మా! ముఖ్ మాఫీ?"

"ఐవా మామా," అని తనే జవాబిచ్చి, కప్పు తోమడం మొదలుపెట్టింది.